బిల్లు దేన్ని చూసి కడతారు? కొత్త సాఫ్ట్‌వేర్‌కు నిర్మాణ సైటును సిద్ధం చేయడం వెనక ఉన్న అసలు లెక్క

హైదరాబాద్ శివార్లలో ఒక అపార్ట్‌మెంట్ సైటు. సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలు వేసి, గోడ మీదికి ప్రొజెక్టర్ పెట్టారు. కొత్త ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ నేర్పడానికి, దాన్ని అమ్మిన కంపెనీ నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. గంటంపావు ఓపిగ్గా చెప్పాడు. గ్రాఫులు చూపించాడు. చివర్లో సందేహాలుంటే అడగమన్నాడు. వెనక వరసలో కూర్చున్న ప్లాస్టరింగ్ మేస్త్రీ లేచాడు. పాలమూరు వైపు మనిషి, ముప్పై ఏళ్ళుగా తాపీ పట్టిన చెయ్యి.

“సార్, దీన్ల నేనెక్కిచ్చిన లెక్కకే పైసలిస్తరా, మల్ల మీరొచ్చి టేపు పట్టి కొలుస్తరా?”

ఆ అబ్బాయి ప్రాజెక్ట్ మేనేజర్ వైపు చూశాడు. ప్రాజెక్ట్ మేనేజర్ నా వైపు చూశాడు. అక్కడ బిల్లింగ్ చూసేది నేను. నా దగ్గరా జవాబు లేదు, ఎందుకంటే ఆ సంగతి మేమెవరమూ మాట్లాడుకోలేదు. సాఫ్ట్‌వేర్ కొన్నాం, లాగిన్లు తీసుకున్నాం, శిక్షణకు తేదీ పెట్టుకున్నాం. బిల్లు దేన్ని చూసి కడతామో మాత్రం తేల్చుకోలేదు.

సిబ్బందిని, కాంట్రాక్టర్లను సిద్ధం చేయడం అంటే ఏ బటన్ ఎక్కడుందో నేర్పడం అనుకుంటాం. అది రెండు పూటల పని. ఫోన్‌పేలో ఊరికి డబ్బు పంపే మనిషికి ఒక ఫోటో ఎక్కించడం కష్టమేమీ కాదు. కష్టమంతా వేరే చోట ఉంది. సైటులో ఏ రాతను చూసి డబ్బు ఇస్తారో ఆ రాతనే మనుషులు ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాస్తారు. మిగతావన్నీ ఎవరో అడిగారని రాత్రి తొమ్మిదింటికి గుర్తున్నంత మేరకు నింపుతారు. సాఫ్ట్‌వేర్ ఈ రెండు రకాల్లో ఏ రకం రాత కాబోతోందో మొదటి రోజే చెప్పాలి.

పుస్తకాలన్నీ కలిసే చోటు

మన దగ్గర పెద్ద ప్రాజెక్టుల్లో షెడ్యూలు వేయడానికి ప్రిమవేరా, ఎంఎస్ ప్రాజెక్ట్ ఎప్పటి నుంచో ఉన్నాయి. లెక్కలకు ఎక్సెల్ ఉండనే ఉంది. అయితే అవి ఆఫీసు గదిలో ప్లానింగ్ ఇంజనీరు ఒక్కడు వాడుకునేవి. ఆయనకు వస్తే చాలు, సైటులో ఎవరికీ రాకపోయినా పని నడిచేది. ఇప్పుడు వచ్చేవి ఫోన్‌లో ఉంటాయి. స్టోర్ కీపర్, సూపర్‌వైజర్, స్లాబు కింద పలకలు, సపోర్టులు కట్టే సెంట్రింగ్ మేస్త్రీ, స్టీలు కట్టేవాళ్ళ మేస్త్రీ, ప్రతి ఒక్కరూ తమ వంతు ఎక్కిస్తేనే తెర మీద బొమ్మ సరిగా వస్తుంది. ఒకరు మానేస్తే మిగతావాళ్ళ లెక్క కూడా తప్పుతుంది.

కాగితం మీద ఇదంతా ఎలా నడిచేదో ఒకసారి చూద్దాం. మేస్త్రీ జేబులో ఒక చిన్న నోటుబుక్కు ఉంటుంది. ఏ ఫ్లాట్‌లో ఏ గది అయింది, ఎంతమంది వచ్చారు, ఎంత అడ్వాన్స్ తీసుకున్నాడు, అన్నీ అందులోనే. సూపర్‌వైజర్ దగ్గర మస్టరు, అంటే హాజరు పట్టీ. సైట్ ఇంజనీరు రాసేది డీపీఆర్, అంటే రోజువారీ పని రిపోర్టు. స్టోర్‌లో సరుకు కావాలని అడిగే ఇండెంట్లు, సరుకుతో వచ్చే చలాన్లు. బిల్లింగ్ దగ్గర కొలతల పుస్తకం, ఎం-బుక్. ఇవన్నీ చివరికి కలిసేది ఆర్‌ఏ బిల్లులో, అంటే పని నడుస్తుండగా పెట్టే రన్నింగ్ అకౌంట్ బిల్లులో. ఈ బిల్లులో మొదటి నుంచి ఈ రోజు వరకు అయిన మొత్తం పని చూపిస్తారు. అందులోంచి వెనకటి బిల్లులు తీసేసి, రిటెన్షన్, అంటే తర్వాత ఇచ్చేలా ఆపి ఉంచే కొంత డబ్బు, పట్టుకుని, అడ్వాన్సులు, టీడీఎస్ కోసుకుని మిగిలింది చేతికిస్తారు.

ఈ పుస్తకాల మధ్య ఖాళీలున్నాయి. ఆ ఖాళీల్లోనే సైటు బతుకుతుంది. “ఈసారి రెండు గదులు ఎక్కువ రాయండి సార్, వచ్చే బిల్లులో సర్దుకుందాం” అని మేస్త్రీ అడుగుతాడు. పండగకు కూలీలు ఊరెళ్ళాలి, బిల్లు ఇంకా పాస్ కాలేదు. ఇంజనీరు రాస్తాడు. లెక్కల ప్రకారం అది తప్పు, ఒప్పుకుంటాను. కానీ బిల్లు నెలకొకసారి, కూలి వారానికొకసారి అయినప్పుడు, ఆ మూడు వారాలు గుంపుకు అన్నం పెట్టేది ఆ సర్దుబాటే. సాఫ్ట్‌వేర్ వచ్చిన రోజున ఆ ఖాళీ మూసుకుపోతుంది. పూర్తి కాని గదిని పూర్తయినట్టు చూపడం కుదరదు. అందుకు బదులు దారి చూపకపోతే మేస్త్రీ యాప్‌ను తిట్టడు, గుంపును తీసుకుని పక్క సైటుకు వెళ్ళిపోతాడు. కాబట్టి వారం వారం ఇచ్చే అడ్వాన్సుకు సాఫ్ట్‌వేర్‌లో దాని సొంత పేరుతో చోటు పెట్టాలి. ఎంత వరకు ఇవ్వొచ్చు, ఎవరు ఇవ్వొచ్చు, ఏ బిల్లులో కోసుకుంటారు అన్నది ముందే రాసి ఇవ్వాలి. ఇది సిద్ధం చేయడంలో భాగమని చాలామంది యజమానులు అనుకోరు. నా దృష్టిలో ఇదే మొదటి మెట్టు.

ఒక కిటికీ కథ

రెండో మెట్టు కొలత. ఇక్కడ కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే గొడవలన్నీ పుట్టేది ఇక్కడే.

ప్లాస్టరింగ్‌లో తలుపులు, కిటికీల ఖాళీని కొలతలోంచి తీసేయాలా వద్దా? కొలతలకు మన దేశంలో ఐఎస్ 1200 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం అర చదరపు మీటరు లోపు ఖాళీలకు ఏమీ తీసేయరు. అర చదరపు మీటరు దాటి 3 చదరపు మీటర్ల వరకు ఉన్నవాటికి గోడకు ఒక ముఖం మీద మాత్రమే తీసేస్తారు, ఆ ఖాళీ చుట్టూ ఉండే అంచుల ప్లాస్టరింగ్‌కు విడిగా ఇవ్వరు. 3 చదరపు మీటర్లు దాటితే రెండు ముఖాలా తీసేసి, అంచులను కొలిచి కలుపుతారు. ఇది పుస్తకం మాట. లేబర్ రేటు మాట్లాడుకునేటప్పుడు మాత్రం చాలా సైట్లలో “ఖాళీలు తీయొద్దు, అంచుల పని దాంట్లోనే కలిసిపోతుంది” అని నోటిమాటగా ఒప్పుకుంటారు.

ఇప్పుడు లెక్క వేయండి. నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు కిటికీ, అంటే 16 చదరపు అడుగులు, మీటర్లలో ఒకటిన్నర. ఫ్లాటుకు ఆరు చొప్పున 40 ఫ్లాట్లకు 240 కిటికీలు. ఒక ముఖం తీసేస్తే 3,840 చదరపు అడుగులు. రేటు అడుగుకు 25 రూపాయలు అనుకుంటే 96,000 రూపాయలు. సాఫ్ట్‌వేర్ పెట్టేవాళ్ళు పుస్తకం సూత్రం ఎక్కిస్తే, నోటిమాట మీద పని చేసిన మేస్త్రీకి ఆ డబ్బు చెప్పాపెట్టకుండా పోతుంది. పైగా లోపలి గోడ ఒక గుంపుది, బయటి గోడ ఇంకో గుంపుది అయితే తీసేసే ఆ ఒక్క ముఖం ఎవరిది? ఇది ఒప్పందంలో రాసుకోని సైట్లు నేను చాలా చూశాను. కాగితం రోజుల్లో బిల్లింగ్ ఇంజనీరు, మేస్త్రీ ఎదురుగా కూర్చుని తెగ్గొట్టుకునేవాళ్ళు. సాఫ్ట్‌వేర్‌కు ఆ కూర్చోవడం తెలియదు, ఒక సూత్రమే తెలుసు. ఆ సూత్రం ఏమిటో కాంట్రాక్టర్ ఎదురుగా, ఒక ఫ్లాటు కొలిచి చూపించి, సంతకం తీసుకున్నాకే ఎక్కించాలి.

యూనిట్లూ అంతే. సాఫ్ట్‌వేర్‌లో చదరపు మీటర్లు ఉంటాయి, మేస్త్రీ బుర్రలో చదరపు అడుగులు. ఒక చదరపు మీటరు అంటే 10.76 చదరపు అడుగులు. తెర మీద 93 అని కనపడితే, తాను వెయ్యి అడుగులు కొట్టానని తెలిసిన మనిషి కంగారు పడతాడు. మేస్త్రీ తెర మీద అడుగుల్లోనే కనపడేలా పెట్టడం పెద్ద పనేమీ కాదు.

“అయింది” అనే మాట కూడా తేల్చుకోవాల్సిందే. స్లాబు అయిందంటే కాంక్రీట్ పోసినట్టా, సెంట్రింగ్ విప్పినట్టా? కాంక్రీటు పనుల ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు పరిస్థితుల్లో, ఒక ఆధారం నుంచి ఇంకో ఆధారానికి 4.5 మీటర్ల లోపు దూరం ఉన్న స్లాబుకు 7 రోజుల దాకా, అది దాటితే 14 రోజుల దాకా కింది సపోర్టులు తీయకూడదు. ఇంజనీరు పోసిన రోజే నూరు శాతం అని కొడతాడు. సెంట్రింగ్ మేస్త్రీకి విప్పి, పలకలు పై అంతస్తుకు ఎక్కించేదాకా పని కానట్టే. ఈ శాతాలు సైటులోనే ఆగిపోవు. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం కింద ఫ్లాటు కొనుగోలుదారులు కట్టిన డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉంటుంది. పని ఎంత శాతం అయిందో ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువీకరిస్తేనే అందులోంచి తీయగలరు. కింద సూపర్‌వైజర్ వేసిన అంకె పైకి పోయి అక్కడ తేలుతుంది. ఈ సంగతి సూపర్‌వైజర్‌కు ఎవరూ చెప్పరు. చెప్పి చూడండి, ఆయన అంకె వేసే పద్ధతే మారుతుంది.

పొద్దున్నే బండ్లు వచ్చి నిలబడితే

కాగితంలో కనపడకుండా సాఫ్ట్‌వేర్‌లో కొట్టొచ్చినట్టు కనపడేది ఒకటుంది. ఎవరి అనుమతి తర్వాత ఎవరిది అన్న వరస. స్లాబు పోసే ముందు పోర్ కార్డు మీద సంతకాలు కావాలి. సెంట్రింగ్ సరిపోయిందని, స్టీలు డ్రాయింగ్ ప్రకారం ఉందని, కరెంటు పైపులు వేశారని, క్వాలిటీ వాళ్ళు చూశారని. కాగితం మీదైతే క్వాలిటీ ఇంజనీరు దారిలో ఉన్నా “వచ్చాక పెడతాడులే” అని మొదలుపెట్టేస్తారు. సాఫ్ట్‌వేర్‌లో ఆయన నొక్కేదాకా తలుపు తెరుచుకోదు.

ఆ పద్ధతి మంచిదే, నేను దాన్ని సమర్థిస్తాను. కానీ ఉదయం ఏడింటికి ఆర్‌ఎంసీ (రెడీమిక్స్ కాంక్రీటు) బండ్లు గేటు దగ్గర నిలబడ్డాయి, క్వాలిటీ ఇంజనీరు సెలవులో ఉన్నాడు, ఆయన బదులు ఎవరు నొక్కాలో సాఫ్ట్‌వేర్‌లో పెట్టలేదు. రెడీమిక్స్ కాంక్రీటుకు ఐఎస్ 4926 ఇచ్చే గడువు ప్లాంటులో నింపినప్పటి నుంచి 2 గంటలు. ట్రాఫిక్‌లో గంట అప్పటికే పోయింది. అలాంటి పొద్దున ఏం జరుగుతుందో నేను కళ్ళారా చూశాను. క్వాలిటీ ఇంజనీరుకు ఫోన్ చేసి పాస్‌వర్డ్ అడిగారు, ఆయన చెప్పాడు, ఇంకొకరు నొక్కారు. ఆ రోజు నుంచి ఆ సైటులో పాస్‌వర్డులు అందరివీ అందరికీ తెలుసు. ఇక ఆ సాఫ్ట్‌వేర్‌లో ఎవరి సంతకానికీ విలువ లేదు.

అందుకే శిక్షణకు ముందే ఒక సాయంత్రం కూర్చుని, ప్రతి అనుమతికి బదులు మనిషి ఎవరో, ఆదివారం ఎవరో, నెట్‌వర్క్ లేకపోతే కాగితం మీద పెట్టి ఎన్ని గంటల్లో ఎక్కించాలో రాసుకోవాలి. సెల్లార్‌లో సిగ్నల్ రాదు. ఆఫ్‌లైన్‌లో ఎక్కించినవి పైకి వచ్చాక వెళ్తాయి. అప్పుడు తీసిన సమయం పడుతుందా, పంపిన సమయం పడుతుందా అన్నది కొనేముందే అడగాలి. ఉదయం పదకొండింటికి తీసిన ఫోటోకు రాత్రి ఎనిమిది అని పడితే, ఆలస్యం చేశాడన్న మాట సూపర్‌వైజర్ మీద పడుతుంది.

ఉపాధి హామీ చూపించింది

పని చోట యాప్ పెడితే ఏమవుతుందో దేశమంతా చూసిన ఉదాహరణ ఒకటుంది. ఉపాధి హామీ పథకంలో 2023 జనవరి 1 నుంచి, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు మినహా అన్ని చోట్లా, ఎన్‌ఎంఎంఎస్ యాప్‌లో హాజరు తప్పనిసరి అయింది. రోజుకు రెండుసార్లు కూలీల ఫోటో. సర్వర్ ఆడక, సిగ్నల్ లేక, చేసిన పనికి హాజరు పడలేదని కూలీలు అదే ఏడాది ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర ధర్నా చేశారు. 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు లేఖ రాసింది. పనితో సంబంధం లేని ఫోటోలు ఎక్కుతున్నాయని, ఫోటోనే మళ్ళీ ఫోటో తీసి పెడుతున్నారని, ఫోటోలో ఉన్నవాళ్ళ సంఖ్యకూ హాజరుకూ పొంతన లేదని.

ఫోటో అడిగితే ఫోటో వస్తుంది. పని జరిగిందని తేలాలంటే ఆ ఫోటోను ఎవరో చూడాలి, చూశాక ఏదో జరగాలి. ప్రైవేటు సైటులోనూ ఇదే. రోజుకు ఇరవై ఫోటోలు అడిగి ఒక్కటీ చూడని ఆఫీసుకు, నెల తిరిగేసరికి ఒకే గోడ ఫోటో ఇరవై కోణాల్లో వస్తుంది. నేనైతే రోజుకు మూడే అడుగుతాను, మూడూ సాయంత్రం లోపు చూసి ఒక మాట రాస్తాను. సిగ్నల్ లేక పడని హాజరుకు కూలి ఆపకూడదన్నది రాతపూర్వకంగా ఉండాలి. తప్పు యంత్రానిది, శిక్ష కూలీకి కావడానికి వీల్లేదు.

కూలీల ఆధార్ కాపీలు, ముఖాల ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం కూడా ఈ సందర్భంలోనే ఆపాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, వివరాలు ఎందుకు తీసుకుంటున్నామో చెప్పే నోటీసును ఎనిమిదో షెడ్యూలు భాషల్లో చదువుకునే వీలు కల్పించాలంటుంది. మన సైట్లలో ఒడియా, హిందీ, బెంగాలీ మాట్లాడేవాళ్ళు ఎంతమందో లెక్క చూస్తే ఆ నిబంధన ఎందుకో తెలుస్తుంది.

నేర్పే పద్ధతి

దీని గురించి ఎక్కువ చెప్పను. సెల్లార్‌లో ప్రొజెక్టర్ వద్దు. స్లాబు మీదే, ఇరవై నిమిషాలు, ఒక మనిషికి ఒక పని. స్టోర్ కీపర్‌కు సరుకు దింపుకోవడం, ఇవ్వడం. మేస్త్రీకి తన పని ఎక్కించడం, తన బిల్లు చూసుకోవడం. మిగతా తెరలు వాళ్ళకు కనపడకుండా తీసేయాలి. పేరుకు ఒక ఉత్తుత్తి ప్రాజెక్టు పెట్టి, అందులో ఎన్ని తప్పులైనా చేయనివ్వాలి. నేర్పడానికి ఫోన్ బాగా వచ్చిన కుర్రాడికన్నా, సైటులో ఏ చిక్కొచ్చినా అందరూ ఎవరి దగ్గరికి వెళ్తారో ఆ పెద్ద సూపర్‌వైజర్‌కు ముందు నేర్పి ఆయనతో చెప్పించడం మేలు. సంక్రాంతి, దసరా, బిహారు వాళ్ళకైతే ఛఠ్ పండగ ముందు మొదలుపెట్టొద్దు. సగం మంది ఊళ్ళకు వెళ్ళి, వచ్చేది కొత్త మనుషులు.

పాతకాలం ఇంజనీర్లకు చెప్పేటప్పుడు ఎం-బుక్ పోలిక బాగా పనికొచ్చింది. ఎం-బుక్‌లో తప్పు పడితే చెరపం. కొట్టేసి, సరైనది రాసి, పక్కన సంతకం పెడతాం. సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఎప్పుడు ఏది మార్చారో నిలిచిపోవడం కూడా అదే సంప్రదాయం. “దొంగల్లా చూస్తున్నారు” అని నొచ్చుకున్న ఒక సీనియర్, ఈ మాట విన్నాక తనే మిగతావాళ్ళకు చెప్పడం మొదలుపెట్టారు.

కాంట్రాక్టర్ చేతిలో ఏం మిగులుతుంది

మేస్త్రీ ప్రశ్నకు మేము చివరికి రాసిచ్చిన జవాబు ఇది. మీరు ఎక్కించింది మీ పేరు మీద అలాగే ఉంటుంది, దాన్ని మేము మార్చం. మా ఇంజనీరు కొలిచింది పక్కన పడుతుంది. రెండూ కలిస్తే బిల్లు. తేడా వస్తే మూడు రోజుల్లో ఇద్దరం కలిసి టేపు పట్టి కొలుస్తాం, ఆ కొలతే ఖాయం. ఈ నాలుగు మాటలు వర్క్ ఆర్డర్‌లో చేర్చాం. అక్కడ లేకుండా యాప్‌లో ఎన్ని ఉన్నా లాభం లేదు.

ఇంకొకటి, చాలా చోట్ల మరిచిపోయేది. నోటుబుక్కు మేస్త్రీ సొంతం, లాగిన్ కాదు. పని ముగిసిన రోజున లాగిన్ ఆపేస్తారు, ఆయన ఎక్కించిన ఏడాది లెక్క అంతా బిల్డర్ దగ్గరే ఉండిపోతుంది. రిటెన్షన్ డబ్బు అడగడానికి వచ్చేసరికి చేతిలో కాగితం ముక్క ఉండదు. అందుకే ప్రతి బిల్లుకూ కొలతలతో సహా ప్రింటు ఇవ్వాలి, రిటెన్షన్ చెల్లించేదాకా లాగిన్ ఆపకూడదు. కాంట్రాక్టర్లు కూడా నోటుబుక్కు పారేయకుండా ఉండాలని నా సలహా.

ప్రాజెక్టు మధ్యలో సాఫ్ట్‌వేర్ పెడితే పాత బిల్లుల మొత్తం, బాకీ ఉన్న అడ్వాన్సు, పట్టుకున్న రిటెన్షన్, ఈ మూడు అంకెలూ కాంట్రాక్టర్ సంతకంతో ఎక్కించాలి. ఆ తర్వాత ఒక్క బిల్లు మాత్రం రెండు పద్ధతుల్లోనూ చేయాలి. ఒక్కటి చాలు. నెలల తరబడి రెండూ నడిపిస్తే జనం కాగితం మీద రాసి, తర్వాత ఎక్కిస్తారు, సాఫ్ట్‌వేర్ కాగితానికి నకలు అయిపోతుంది.

మా సైటులో ఆ ఒక్క బిల్లు రోజున మేస్త్రీ తన నోటుబుక్కు తెచ్చి తెర పక్కన పెట్టాడు. ఆయన లెక్కకూ తెరకూ 212 చదరపు అడుగులు తేడా వచ్చింది, ఆయనదే ఎక్కువ. ముగ్గురం మెట్లెక్కాం. ఐదో అంతస్తు దాకా అన్నీ సరిపోయాయి. టెర్రస్ మీద పిట్టగోడ లోపలి ముఖం ఒకటి మిగిలింది. 53 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు. అది ఆయన ఎక్కించాలని చూశాడట, జాబితాలో టెర్రస్ అనే పేరే కనపడలేదు. మేము అంతస్తుల పేర్లు ఐదు వరకే పెట్టాం. అక్కడే నిలబడి ఫోన్‌లో ఆ పేరు చేర్చి, 212 కలిపి, కిందికొచ్చి బిల్లు ప్రింటు తీసిచ్చాం. దాన్ని నాలుగు మడతలు పెట్టి నోటుబుక్కులో పెట్టుకుంటూ, “ప్రతిసారి గిట్లనే కాయిదం ఇయ్యుండ్రి సార్” అన్నాడు.